వెర్సాయ్ ప్యాలెస్ గదుల్లోని ఫర్నిచర్, పట్టు, పింగాణీ: తరచుగా అడిగే ప్రశ్నలు

పారిస్ పక్కన కాపురం ఉంటున్నందుకు నాకు పడ్డ డ్యూటీ ఇది: ఊరి నుంచి ఎవరొచ్చినా ఒకప్పటి ఫ్రెంచ్ రాజుల ప్యాలెస్ వెర్సాయ్‌కి తీసుకెళ్లి చూపించడం. ఎన్నిసార్లు వెళ్లానో లెక్క మర్చిపోయాను గానీ, వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు మాత్రం దాదాపు అవే. తోటలు, ఫౌంటెన్లు, రాజుల కథలు ఎక్కడైనా దొరుకుతాయి. అందుకే గదుల లోపల ఉన్న వస్తువుల గురించే ఇక్కడ రాస్తున్నాను.

ఇక్కడున్న సామానంతా రాజుల కాలం నాటిదేనా?

అందరూ మొదట అడిగేది ఇదే. చాలావరకు ఆ కాలానిదే. కానీ రాజు వదిలి వెళ్లినప్పటి నుంచి కదలకుండా అక్కడే ఉందనుకుంటే మాత్రం పొరపాటు. 1789 అక్టోబర్ 6న రాజకుటుంబం వెర్సాయ్ వదిలి పారిస్ వెళ్లిపోయింది, మళ్లీ తిరిగి రాలేదు. 1793 ఆగస్టు 25న విప్లవ ప్రభుత్వం ప్యాలెస్ సామాను వేలానికి పెట్టింది. ఆ వేలం 1794 ఆగస్టు 11 దాకా, అంటే దాదాపు ఏడాది పాటు సాగింది. మొత్తం 17,182 లాట్లు. మంచాలు, బల్లలు, అద్దాలు, వంటగిన్నెలు, పరుపులు, అన్నీ పోయాయి.

అంటే ఈరోజు మీరు చూస్తున్నది ఒకసారి పూర్తిగా ఖాళీ అయిపోయిన ఇల్లు. 1837లో రాజు లూయీ ఫిలిప్ దీన్ని ఫ్రాన్స్ చరిత్ర మ్యూజియంగా తెరిచాడు. అప్పుడు గోడలకి యుద్ధాల చిత్రాలు ఎక్కాయి గానీ పాత సామాను కోసం ఎవరూ పెద్దగా వెతకలేదు. వెతుకులాట గట్టిగా మొదలైంది 20వ శతాబ్దంలోనే. అది ఇప్పటికీ నడుస్తోంది.

మరి పోయినవి ఎలా దొరికాయి? ఇది ఫలానా గదిదే అని ఎలా చెప్తారు?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. రాజుగారి సామానుకి ఒక ప్రత్యేక శాఖ ఉండేది, పేరు గార్ద్ మోబ్ల్. ఏ వస్తువు వచ్చినా రిజిస్టర్‌లో ఒక నంబర్ వేసి, ఎవరు చేశారు, కొలతలెంత, ఏ గదికి వెళ్లింది అన్నీ రాసేవారు. అదే నంబర్ వస్తువు వెనకో అడుగునో సిరాతోనో రంగుతోనో వేసేవారు. కొన్నిటి మీద ప్యాలెస్ గుర్తు కూడా ఉంటుంది. వెర్సాయ్‌కి కిరీటం కింద రెండు వీలు కలిపి రాసినట్టుండే గుర్తు వాడారు.

ఆ రిజిస్టర్లు చాలావరకు మిగిలాయి. కాబట్టి లండన్‌లోనో న్యూయార్క్‌లోనో ఒక బీరువా అమ్మకానికి వస్తే, దాని వీపు చూసి, నంబర్ చదివి, రిజిస్టర్ తిరగేస్తే ఇది ఫలానా సంవత్సరం ఫలానా యువరాణి గదికి పంపిందని తేలిపోతుంది. మ్యూజియం వాళ్లు ముందు వైపు కన్నా వెనక వైపే ఎక్కువసేపు చూస్తారని అంటే మా బావగారు నమ్మలేదు. "పెళ్లిచూపుల్లో జడ చూసినట్టా?" అన్నారు. దాదాపు అంతే.

అన్నీ తిరిగి రాలేదు, రావు కూడా. వేలంలోనూ ఆ తర్వాతా ఇంగ్లిష్ వాళ్లు బాగా కొన్నారు. లండన్‌లోని వాలెస్ కలెక్షన్ మ్యూజియంలో 16వ లూయీ రాణి మరీ ఆంత్వానెత్ ఫర్నిచర్ ఉంది. 16వ లూయీ తన కోసం 1783లో ఆర్డర్ ఇచ్చిన సేవ్ర్ పింగాణీ భోజనాల సెట్టు ఇప్పుడు విండ్సర్ కోటలో ఉంది. ఆ సెట్టు పూర్తి కావడానికి 20 ఏళ్లు పడుతుందని ముందే లెక్క వేసుకున్నారు. సెట్టు కన్నా ముందు రాజుకే టైం అయిపోయింది. మరీ ఆంత్వానెత్ కోసం జపాన్ లక్క పలకలతో చేసిన రాత బల్ల న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో చూడొచ్చు.

ఇంతకన్నా బాధాకరమైన సంగతి ఇంకొకటుంది. బంగారు, వెండి జరీతో నేసిన గోడ తెరలు కొన్నిటిని 1797లో కాల్చేశారు. బూడిదలోంచి లోహం తీసుకోవడానికి. మన ఇళ్లల్లో పాత పట్టుచీర జరీని కాల్చి వెండి అమ్ముకున్నట్టే.

ఇంత పెద్ద ప్యాలెస్‌లో కుర్చీలు ఇంత తక్కువేంటి?

ఎందుకంటే చాలామందికి కూర్చునే హక్కే లేదు. రాజు, రాణి సమక్షంలో డచెస్ స్థాయి ఆడవాళ్లకి మాత్రమే స్టూలు దొరికేది. వీపు ఉండదు, చేతులు ఉండవు, మడత కాళ్లు, పైన ఒక మెత్త, అంతే. మిగతావాళ్లు గంటలకొద్దీ నిలబడాల్సిందే. ఆ స్టూలు కోసం కుటుంబాలు తరాల తరబడి పైరవీలు చేశాయి. కాబట్టి పెద్ద గదుల్లో గోడ పక్కన వరసగా స్టూళ్లు కనిపిస్తే "సింపుల్‌గా ఉన్నాయే" అనుకోకండి. ఆ గదిలో అన్నిటికన్నా ఖరీదైన సీట్లు అవే.

చేతుల కుర్చీలు, సోఫాలు, వయ్యారంగా వాలే దీవాన్లు అన్నీ లోపలి చిన్న గదుల్లో ఉంటాయి. 15వ లూయీ, 16వ లూయీ ఇద్దరికీ ఈ ఆడంబరం మోయలేక లోపల చిన్న గదులు కట్టించుకునే అలవాటు ఉండేది. నన్నడిగితే ఫ్రెంచ్ పనితనం అసలు విరబూసింది ఆ చిన్న గదుల్లోనే, పెద్ద హాళ్లలో కాదు.

అద్దాల హాలులో ఏం చూడాలి? అందరూ సెల్ఫీలే దిగుతున్నారు.

దిగండి, తప్పేముంది. కానీ తర్వాత ఒక అద్దం దగ్గరికి వెళ్లి మీ మొహం చూసుకోండి. మన బాత్‌రూం అద్దంలో కనిపించినట్టు ఉండదు. కొంచెం నల్లగా, నీటి అడుగు నుంచి చూస్తున్నట్టు ఉంటుంది. పాత అద్దాల వెనక తగరం, పాదరసం కలిపిన పూత ఉంటుంది. వయసుతో అక్కడక్కడా మచ్చలు పడతాయి. పక్కపక్క పలకల రంగు కూడా ఒకేలా ఉండదు. అది లోపం కాదు, వాటి వయసు.

హాలు పొడవు 73 మీటర్లు. తోట వైపు 17 కిటికీలు, ఎదురుగా 17 తోరణాలు, ఒక్కో తోరణంలో 21 అద్దాలు, మొత్తం 357. ఆ రోజుల్లో పెద్ద అద్దాలు చేసే రహస్యం వెనిస్ వాళ్ల చేతిలో ఉండేది. మంత్రి కోల్బెర్ 1665లో సొంత అద్దాల ఫ్యాక్టరీ పెట్టించి, వెనిస్ పక్కనున్న మురానో దీవి పనివాళ్లను గుట్టుగా రప్పించాడు. ఆ ఫ్యాక్టరీ వారసత్వమే ఇప్పటి సెయింట్ గోబెయిన్ కంపెనీ. మన ఊళ్లల్లో అద్దాల షాపుల బోర్డుల మీద కనిపించే పేరే.

ఇప్పుడు కనిపించనిది ఒకటి చెప్తాను. ఈ హాలులో మొదట్లో ఫర్నిచర్ అంతా గట్టి వెండితో చేసింది. బల్లలు, దీపస్తంభాలు, నారింజ మొక్కల తొట్లు కూడా వెండే. 1689లో యుద్ధం ఖర్చుల కోసం 14వ లూయీ దాన్నంతా కరిగించి నాణేలు కొట్టించాడు. దాదాపు 20 టన్నులు. పనితనానికి పెట్టిన ఖర్చంతా గాల్లో కలిసిపోయింది, చేతికొచ్చింది లోహం ధర మాత్రమే. నగలు కుదువపెట్టే టెన్షన్ పడిన ఏ ఇంటికైనా ఈ లెక్క తెలుసు. ఇప్పుడున్న బంగారు పూత చెక్క దీపస్తంభాలు 1770లో మరీ ఆంత్వానెత్ పెళ్లికి చేయించినవాటి నమూనా.

14, 15, 16: ఏది ఏ లూయీ కాలందో ఎలా గుర్తుపట్టాలి?

కాళ్లు చూడండి. కాళ్లు బరువుగా, నిటారుగా, స్తంభాల్లా ఉండి, అంతా గంభీరంగా, ఇటూ అటూ సమానంగా ఉంటే 14. కాళ్లు ఎస్ ఆకారంలో వంపు తిరిగి, గవ్వలు, ఆకులు, అలలు ఎటు పడితే అటు పాకుతుంటే 15. మళ్లీ నిటారుగా, కిందికి సన్నబడుతూ, నిలువు గాడులతో గుడి స్తంభాన్ని చిన్నది చేసినట్టు ఉంటే 16. పదికి ఎనిమిది సార్లు ఈ చిట్కా పనిచేస్తుంది.

మన పెళ్లి స్టేజీల మీద వధూవరులకి వేసే మహారాజా కుర్చీ ఉంది చూశారూ, ఎర్ర వెల్వెట్, బంగారు రంగు, వంపు కాళ్లు? దాని ముత్తాత 15వ లూయీ కుర్చీనే. కాకపోతే వీపు నిండా గుండీలు గుచ్చిన ఆ మెత్త మాత్రం 19వ శతాబ్దపు ఫ్యాషన్. మా చెల్లి రిసెప్షన్ కుర్చీ ఫొటో తీసి ప్యాలెస్‌లో పక్కపక్కన పెట్టి చూశాం. నవ్వు ఆగలేదు గానీ, కాలి వంపు మాత్రం అచ్చంగా అదే.

ఒక్క బల్ల చెయ్యడానికి అంతమంది పనివాళ్లు ఎందుకు?

పారిస్‌లో వృత్తి సంఘాల నియమాలు చాలా గట్టివి. కుర్చీ లాంటి గట్టి చెక్క పని చేసేవాళ్లు వేరు. బీరువాలు, బల్లల మీద పలచని ఖరీదైన చెక్క అతికించేవాళ్లు వేరు. వీళ్లని ఎబెనిస్ట్ అంటారు, ఎబొనీ కర్ర నుంచి వచ్చిన పేరు. కంచు పోత పోసేవాడు ఇంకొకడు, దానికి బంగారు పూత వేసేవాడు మరొకడు, పాలరాతి పలక కోసేవాడు, మెత్త కుట్టేవాడు. ఒకరి పని ఇంకొకరు చేస్తే జరిమానా. మన విశ్వబ్రాహ్మణుల ఐదు వృత్తులు గుర్తొస్తాయి గానీ, ఇక్కడ గీతలు అంతకన్నా సన్నగా గీశారు. ఆంద్రే షార్ల్ బూల్ అనే మహానుభావుడికి మాత్రం మినహాయింపు ఉండేది. రాజుగారి పనివాడిగా లూవ్ర్ ప్యాలెస్‌లో మకాం ఇచ్చారు కాబట్టి చెక్క, కంచు రెండూ చేయించేవాడు. తాబేటి చిప్ప, ఇత్తడి రేకు కలిపి కోసి అతికించే పనికి ఇప్పటికీ ఆయన పేరే.

బంగారు పూత గురించి ఒక మాట. బంగారాన్ని పాదరసంలో కలిపి కంచు మీద రాసి, నిప్పు మీద కాచేవాళ్లు. పాదరసం ఆవిరైపోతుంది, బంగారం పట్టుకుంటుంది. ఆ ఆవిరి పీల్చిన పనివాళ్ల ఆరోగ్యం పాడైపోయేది. ఆ ధగధగ చూసినప్పుడల్లా నాకు ఆ సంగతే గుర్తొస్తుంది.

టైం లేదు, ఒక్క వస్తువే చూడమంటే ఏది?

15వ లూయీ రాత బల్ల. ఆయన ఆఫీసు గదిలో ఉంటుంది. 1760లో ఓబెన్ మొదలుపెట్టాడు, మూడేళ్లకే చనిపోయాడు. ఆయన వర్క్‌షాప్‌లోనే పనిచేసే రీసెనెర్ పగ్గాలు అందుకుని, ఓబెన్ భార్యని పెళ్లి చేసుకుని, బల్ల 1769లో పూర్తి చేశాడు. ఇద్దరూ జర్మనీ నుంచి వచ్చినవాళ్లే. ఫ్రెంచ్ కళకి శిఖరం అని చెప్పుకునే ఈ బల్ల వలస వచ్చినవాళ్ల చేతి పని. ఇక్కడ బతుకుతున్న మనకి ఆ మాట కొంచెం తియ్యగా ఉంటుంది.

ఒక్క తాళం తిప్పితే పైన గుండ్రటి మూత, సొరుగులు అన్నీ ఒకేసారి విడిపోతాయి. నాకు నచ్చింది అంతకన్నా చిన్న సంగతి. బల్ల రెండు పక్కలా చిన్న సొరుగులున్నాయి, బయటి నుంచి తెరవొచ్చు. నౌకరు వచ్చి సిరా నింపాలి, కానీ రాజుగారి కాగితాలు చూడకూడదు. దానికి ఉపాయం అది. పైన గడియారానికి రెండు ముఖాలు, బల్లకి ఇటు కూర్చున్నా అటు నిలబడ్డా టైం కనిపిస్తుంది. విప్లవం తర్వాత రాజు పేరు అక్షరాలు తీసేసి, ఆ చోట సేవ్ర్ పింగాణీ బిళ్లలు బిగించారు. బల్ల బతికి బయటపడింది.

పక్క గదిలో పాస్మాన్ గడియారం. సూర్యుడు, గ్రహాలు, చంద్రకళలు గాజు గోళంలో తిరుగుతాయి, తేదీ 9999 చివరిదాకా చూపించేలా చేశారు. నేల మీద ఇత్తడి గీత ఒకటి ఉంటుంది, వెర్సాయ్ మధ్యాహ్న రేఖ. జనం దాని మీద నుంచే నడిచిపోతారు.

జాగ్రత్త: ఈ గదులు మామూలు టికెట్‌తో కనిపించవు. గైడ్‌తో వెళ్లే టూరు విడిగా బుక్ చేసుకోవాలి. ఇది తెలియక మొదటిసారి మా అమ్మానాన్నల్ని తీసుకెళ్లి మూసిన తలుపు చూపించి వచ్చాను.

రాణి గదిలో గోడల పట్టు పాతదేనా?

కాదు, కొత్తగా నేసిందే. కానీ నకిలీ అనకండి. 1787 నాటి వేసవి తెరల నమూనాని మిగిలిన ముక్కలు చూసి, లియోన్ నగరంలో మళ్లీ నేయించారు. పూలు, రిబ్బన్లు, నెమలి ఈకలు. అవును, వేసవికి ఒక సెట్టు, చలికాలానికి ఇంకో సెట్టు. కాలం మారితే గది మొత్తం బట్టలు మార్చుకునేది.

ఈ రకం పట్టులో ప్రతి పువ్వుకీ విడిగా చిన్న కండె తిప్పాలి. ఉప్పాడ జామ్దానీ నేసేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో నమూనా తనంతట తానే పడే జకార్డ్ మగ్గం లేదు కాబట్టి మగ్గం పక్కన ఇంకొకరు నిలబడి తాళ్లు లాగేవారు. చేతిమగ్గం మీద రోజుకి కొన్ని సెంటీమీటర్లే నడుస్తుంది. గది మొత్తానికి ఎన్నేళ్లు పట్టి ఉంటుందో మీరే లెక్క వేసుకోండి.

ఇదే గదిలో 19 మంది రాజపిల్లలు పుట్టారు, సభికుల ముందే. మంచం పక్కన పట్టులో కలిసిపోయిన చిన్న తలుపు ఒకటుంది. 1789 అక్టోబర్ 6 తెల్లవారుజామున జనం దూసుకొస్తే మరీ ఆంత్వానెత్ తప్పించుకున్నది అందులోంచే. ఇదే గదిలో ఉన్న పెద్ద నగల బీరువా 1787లో ష్వేర్ట్‌ఫెగెర్ చేసింది. ఆమె దాన్ని వాడుకున్నది రెండేళ్లే.

సేవ్ర్ పింగాణీ అంటే ఎందుకంత మోజు?

జర్మనీలో మైసెన్ వాళ్లు అసలైన గట్టి పింగాణీ ముందే కనిపెట్టారు. ఫ్రెంచ్ వాళ్లకి దానికి కావల్సిన తెల్లమట్టి, కేయోలిన్, దొరకలేదు. అందుకని గాజు పొడి లాంటివి కలిపి ఇంకో రకం చేశారు. బట్టీలో ఊరికే వంగిపోయేది, పగిలిపోయేది. కానీ రంగు పైనున్న మెరుపు పూతలోకి ఇంకిపోయేది, అందుకే ఆ నీలం, ఆ గులాబీ రంగు అంత లోతుగా కనిపిస్తాయి. 1768లో లిమోజ్ దగ్గర మట్టి దొరికాక గట్టి రకం మొదలైంది. నాకు పాతదే ఇష్టం.

ఫ్యాక్టరీ 1740లో వెన్సెన్‌లో మొదలై 1756లో సేవ్ర్‌కి మారింది, 1759లో రాజే యజమాని అయ్యాడు. ఏటా సంవత్సరం చివర ప్యాలెస్‌లోనే ఎగ్జిబిషన్ కమ్ సేల్ పెట్టించేవాడు. రాజుగారే దగ్గరుండి అమ్మిస్తుంటే కొనకుండా ఎవరు వెళ్తారు! అడుగున పెనవేసుకున్న రెండు ఎల్ అక్షరాలు, మధ్యలో ఇంకో అక్షరం ఉంటే ఆ మధ్య అక్షరం తయారైన సంవత్సరం చెప్తుంది.

దొంగ సామాను ఏమైనా దొరికిందా?

దొరికింది, పెద్ద గొడవే అయింది. మరీ ఆంత్వానెత్ కాలం నాటివని వెర్సాయ్ లక్షల యూరోలు పోసి కొన్న కుర్చీల్లో కొన్ని కొత్తగా చేసినవని 2016లో బయటపడింది. చేసింది ఎవరో బయటివాళ్లు కాదు. ఒకరు ఆ కాలపు కుర్చీల మీద ఫ్రాన్స్‌లోనే పేరున్న నిపుణుడు, ఇంకొకరు ప్యాలెస్‌కే మరమ్మతు పనులు చేసిన చెక్క కళాకారుడు. 2025 జూన్‌లో కోర్టు శిక్ష వేసింది.

పట్టుకున్న తీరు వినండి. ఒక డీలర్‌కి అనుమానం వచ్చి కుర్చీ చెక్కని నాలుకతో రుచి చూశాడు. తియ్యగా ఉంది. కొత్త చెక్క పాతబడి మాసినట్టు కనిపించడానికి అతిమధురం కరిగించి పూశారు! మా నాయనమ్మ దగ్గుకి నమిలించే అతిమధురమే.

మన తెలుగువాళ్లకీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

సాగదీసి కలపక్కర్లేదు, నిజంగానే ఉంది. 1669లో ఫ్రెంచ్ కంపెనీ మచిలీపట్నంలో దుకాణం తెరిచింది. కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన రంగుల అద్దకం బట్టలకి ఫ్రాన్స్‌లో ఎంత గిరాకీ వచ్చిందంటే, పట్టు, ఉన్ని నేతగాళ్ల గోల భరించలేక 1686లో వాటి దిగుమతినీ తయారీనీ నిషేధించారు. 1759 దాకా ఆ నిషేధం ఉంది. గొప్పింటి ఆడవాళ్లు మాత్రం తొడగడం మానలేదు. నిషేధం తీసేసిన మరుసటి ఏడాదే వెర్సాయ్ నుంచి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో జూయీ అనే ఊళ్లో ఓబర్‌కాంఫ్ అద్దకం ఫ్యాక్టరీ పెట్టాడు. 1783లో దానికి రాజముద్ర దొరికింది.

జూయీలో ఇప్పుడు ఆ బట్టల మ్యూజియం ఉంది. మా పెద్దమ్మది పెడన. ఆవిడని అక్కడికి తీసుకెళ్తే ప్యాలెస్‌లో రెండు గంటలు మాట్లాడని మనిషి నోరు విప్పింది. చెక్క అచ్చుని చూసి, "అచ్చుకీ అచ్చుకీ కలిసే చోట చూడు, అక్కడే పనివాడు దొరికిపోతాడు" అంది. వంగి చూస్తే నిజమే, ఒక తీగె రెండో అచ్చులోకి వెళ్లేచోట వెంట్రుక మందం పక్కకి జరిగింది.

రెండోది వజ్రాలు. పల్నాడులో కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే రీజెంట్ వజ్రం ఇప్పుడు లూవ్ర్ సేకరణలో ఉంది. 14వ లూయీ నీలి వజ్రాన్ని టావెర్నియే అనే ఫ్రెంచ్ వ్యాపారి మన వైపు నుంచే తీసుకెళ్లాడు. 1792 సెప్టెంబర్‌లో అది దొంగతనానికి గురైంది ఎక్కడనుకున్నారు? పైన చెప్పిన గార్ద్ మోబ్ల్ భవనంలోనే. దాన్నే తర్వాత చిన్నగా కోస్తే ఇప్పటి హోప్ వజ్రం అయింది.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్నవీ ఇవేనా?

అక్కడ ఫ్రెంచ్ ఫర్నిచర్, సేవ్ర్ పింగాణీ, గడియారాలు బాగానే ఉన్నాయి. అయితే "లూయీ 15 శైలి" అంటే ఆ కాలంలో చేసిందని కాదు. ఆ శైలిలో 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోనే విపరీతంగా చేశారు. లేబుల్‌లో సంవత్సరం చూడండి. ప్యాలెస్ చూడబోయే ముందు అక్కడ ఒక గంట గడిపితే కాళ్ల చిట్కా బాగా అలవాటవుతుంది.

బాత్‌రూములు లేవట, నిజమేనా?

ఉన్నాయి. స్నానాల గదులూ ఉన్నాయి, 15వ లూయీ కాలం నుంచి నీళ్లు వదిలే మరుగుదొడ్లూ ఉన్నాయి. మిగతావాళ్లకి కుండ పెట్టిన కుర్చీలే గతి. ఆ కుర్చీలకీ మంచి చెక్క, మంచి బట్ట వేసేవారు.

ఎంత టైం పెట్టుకోవాలి?

సోమవారం సెలవు, అది ముందు చూసుకోండి. పారిస్ నుంచి వెర్సాయ్ షాతో రీవ్ గోష్ వెళ్లే ఆర్‌ఈఆర్ సీ సబర్బన్ రైల్లో ఆఖరి స్టేషన్ దిగితే పది నిమిషాల నడక. పొద్దున్నే తెరిచే టైంకి వెళ్తే పెద్ద గదులు కొంచెం ప్రశాంతంగా కనిపిస్తాయి. మధ్యాహ్నం తోటల అవతల ఉన్న చిన్న ప్యాలెస్ ప్తీ త్రియానోన్‌కి తప్పకుండా వెళ్లండి. అక్కడ జాకబ్ 1787లో చేసిన కుర్చీలకి గోధుమ కంకుల బొమ్మలు చెక్కి ఉంటాయి. ఒక చిన్న గదిలో నేల కింద నుంచి అద్దాలు పైకి లేచి కిటికీలు మూసేసే ఏర్పాటు ఉంది. ఫ్లాష్ వెయ్యకండి, వెలుతురుకి పట్టు వెలిసిపోతుంది. గదుల్లో చీకటిగా ఉందని గైడ్ మీద విసుక్కోకండి, కిటికీ తెరలు దించేది అందుకే. ప్యాలెస్ నుంచి త్రియానోన్‌కి అరగంట నడక, దారంతా కంకరే. హీల్స్ వేసుకొచ్చిన మా ఆడపడుచు చివరికి బొమ్మ రైలు లాంటి బండి ఎక్కాల్సొచ్చింది.